ముక్కు వాలిన అంబాసిడర్

గుడివాడ దగ్గర ఒక పల్లెటూరు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయిన మాస్టారి ఇల్లు. వాకిట్లో వేపచెట్టు, దాని నీడలో తెల్ల అంబాసిడర్. 1978 మోడల్. ఒక కంట్రాక్టరు దగ్గర 1984లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలు పురిటిగుడ్డలతో ఇల్లు చేరింది అందులోనే. పెద్దమ్మాయి పెళ్లికూతురై గుమ్మం దాటిందీ అందులోనే. ఇప్పుడు మనవరాలి పెళ్లి. ‘పిల్ల మన బండిలోనే మండపానికి రావాలి’ అని మాస్టారు ఎప్పుడో ప్రకటించేశారు.

2023 సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చిన మనవడు బండిని ఎదురుగా నిలబడి ఫొటో తీశాడు. ఫోన్ చూసుకుని ఒక్క క్షణం ఆగాడు.

‘‘తాతయ్యా, బండి ఎడంవైపు వాలిపోయింది చూశావా?’’

‘‘నేల వాలుగా ఉందిరా, బండికేం కాలేదు’’ అన్నారు మాస్టారు. మనవడు పోయాక మాత్రం చెక్కస్కేలు పట్టుకుని బయటికొచ్చారు. ముందు రెండు చక్రాల మీది రేకు అంచు నుంచి నేలకి ఎంతుందో కొలిచారు. బండిని సిమెంటు గచ్చు మీదికి నడిపించి మళ్లీ కొలిచారు. ఎక్కడ కొలిచినా ఎడమ పక్క మూడున్నర సెంటీమీటర్లు తక్కువే. లెక్కల మాస్టారు కదా, నేల మీద నెపం వేయడానికి ఇక మనసొప్పలేదు.

ఊళ్లో షెడ్డు కుర్రాడు కిందకి దూరాడు. అరగంటలో బయటికొచ్చాడు. బండి నిటారుగా నిలబడింది. ‘‘చిన్న బోల్టేనండి, తిప్పేశా’’ అన్నాడు. అయిదొందలు తీసుకున్నాడు. మాస్టారి ముఖం వెలిగిపోయింది.

ఆ వెలుగు నాలుగు రోజులే. కాలవ గట్టు మీద వస్తుంటే గేదె అడ్డమొచ్చింది. బ్రేకు తొక్కితే బండి తిన్నగా ఆగకుండా ఒక పక్కకి లాగింది. వారం తిరిగేసరికి ఎడమ ముక్కు మళ్లీ కిందికి దిగింది. ఈసారి నాలుగు సెంటీమీటర్లు.

ఇలాంటి కథలు పాత బండ్లున్న ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. బండి ముందుభాగం ఎత్తు అనగానే మనవాళ్లు దాన్ని అందం ఖాతాలో వేస్తారు. ముక్కు కొంచెం ఎత్తితే దర్జా, కొంచెం దింపితే స్టైలు. నిజానికి ఆ ఎత్తు మీద ఆధారపడినవి చాలా ఉన్నాయి. చక్రం రోడ్డు మీద ఎలా నిలబడాలి, స్టీరింగు ఎటు లాగాలి, బ్రేకు వేస్తే ఏ చక్రం ముందు పట్టాలి, రాత్రి లైటు ఎంతదూరం పడాలి... అన్నిటి లెక్కా అక్కడ్నుంచే మొదలు. అంబాసిడర్ విషయంలో అయితే మరో మెలిక కూడా ఉంది. మెలిక అంటే నిజంగా మెలికే!

ఈ కారుకి ముందువైపు చుట్టల స్ప్రింగులుండవు. వెనకాల ఎడ్లబండి రోజుల నుంచీ తెలిసిన కమాను పట్టీలే కానీ, ముందు మాత్రం పక్కకొకటి చొప్పున రెండు పొడవాటి ఉక్కు కడ్డీలు. పేరు టార్షన్ బార్. కడ్డీ ముందు చివర చక్రాన్ని మోసే కింది చేతికి బిగించి ఉంటుంది. వెనక చివర బండి అడుగున అడ్డంగా ఉండే దూలానికి కదలకుండా కట్టేసి ఉంటుంది. చక్రం గతుకెక్కి పైకి లేచినప్పుడు ఆ చేయి కడ్డీని మెలిపెడుతుంది. తడి తువ్వాలుని పిండినట్టే అనుకోండి. ఒక చివర గట్టిగా పట్టుకుని రెండోది తిప్పడం. తువ్వాలు అలాగే ఉండిపోతుంది కానీ ఉక్కు ఊరుకోదు. వెంటనే వెనక్కి తిరుగుతుంది. ఆ వెనక్కి తిరగడమే స్ప్రింగు పని. సీట్లో కూర్చున్నవాళ్లకి మెత్తగా ఊగినట్టు తెలుస్తుందంతే.

ఈ ఆలోచన పాతదే. ఫెర్డినాండ్ పోర్షే 1931లో దీనికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. 1934లో ఫ్రాన్సులో వచ్చిన సిట్రోయెన్ ‘ట్రాక్షన్ అవాంట్’ కారు దీన్ని రోడ్డు మీదికి తెచ్చింది. ఇంగ్లండులో అలెక్ ఇస్సిగోనిస్ 1948 నాటి మోరిస్ మైనర్‌కి ముందువైపు ఇవే కడ్డీలు పెట్టాడు. అదే కంపెనీ వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లోనూ అదే పద్ధతి. ఆ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసే పేరు మార్చుకుని మన అంబాసిడర్ అయింది. కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో 1950ల చివర్లో మొదలై 2014 మే దాకా తయారైంది. మన సైన్యం వాడే టి-72 ట్యాంకు కూడా టార్షన్ బార్ల మీదే నడుస్తుంది. నలభై టన్నులు దాటిన ట్యాంకుని మోసే సూత్రానికి మాస్టారి బండి ఒక లెక్కా? కడ్డీ సంగతి అలా ఉంచండి, దాన్ని పట్టుకున్న చోటు గట్టిగా ఉండాలి. కథంతా అక్కడే ఉంది.

మాస్టారు బండిని విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్లారు. పాత అంబాసిడర్లు మాత్రమే చూసే మేస్త్రీ ఒకాయన ఉన్నాడని ఎవరో చెప్పారు. ఆయనకీ అరవై దాటాయి. టాక్సీ స్టాండుల నిండా అంబాసిడర్లున్న రోజుల్లో పని నేర్చుకున్న మనిషి. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. పానా ముట్టుకోలేదు.

‘‘ముందు డిక్కీ తెరవండి మాస్టారూ’’ అన్నాడు.

డిక్కీలో అర బస్తా బియ్యం, చక్రాలకి అడ్డం పెట్టే రెండు ఇటుకలు, పాత బ్యాటరీ, ఎందుకున్నాయో ఎవరికీ గుర్తులేని నాలుగు నాపరాయి ముక్కలు. అన్నీ దింపించాడు. నాలుగు టైర్లలో గాలి చూసి, ముందు రెండూ సమానం చేశాడు. ఒక టైరులో గాలి తక్కువుంటే ఆ పక్క బండి దిగి కనిపిస్తుంది. దానికి కడ్డీని బిగించి ఏం లాభం? రెండు టైర్లూ ఒకే సైజా, ఒకటి అరిగి ఒకటి కొత్తదా అన్నదీ చూశాడు. తర్వాత బండిని నాలుగడుగులు ముందుకి, నాలుగడుగులు వెనక్కి తోయించాడు. బంపరు మీద చేతులు వేసి ముందుభాగాన్ని పదిసార్లు అదిమి వదిలాడు. జాకీ మీంచి దింపిన బండి చక్రాలు కాస్త లోపలికి ముడుచుకుని ఉంటాయి. అప్పుడు కొలిస్తే అబద్ధం చెబుతుంది. దొర్లించి, ఊపి, తన బరువుకి తను కుదురుకున్నాకే టేపు పట్టాలి.

టేపు కూడా చక్రం మీది రేకుకి పెట్టలేదు. ‘‘నలభై అయిదేళ్లలో ఈ రేకు ఎన్నిసార్లు ఊడిందో, ఎన్నిసార్లు సాగగొట్టారో మీకే తెలియాలి’’ అన్నాడు. బండి కింద, కంపెనీ చెప్పిన చోటే కొలిచాడు. ఒక నలిగిన జిరాక్సు కాయితంలో ఆ అంకె ఉంది. మోడలు మారితే అంకె మారుతుంది, ఇంజన్ మారితే బరువూ మారుతుంది. పెట్రోలు ఇంజన్ తీసేసి బరువైన డీజిలు ఇంజన్ కూర్చోబెట్టిన అంబాసిడర్లు మన దగ్గర లెక్కలేనన్ని. అలాంటి బండి ముక్కు వాలిందంటే కడ్డీని తిట్టడం అన్యాయం. ఏ బరువు కోసం చేశారో ఆ బరువు కాదు ఇప్పుడది మోస్తున్నది.

మేస్త్రీ చేసిన తర్వాతి పని చూసి మనవడు తెల్లబోయాడు. వాలింది ముందువైపు కదా, ఈయన వెనక్కి పోయాడు! వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండు కింద జాకీ పెట్టి, వెనక రెండు చక్రాలూ నేల వదిలేదాకా లేపాడు. మళ్లీ వచ్చి ముందు ఎత్తు కొలిచాడు. ఇందులో కిటుకుంది. నాలుగు కాళ్ల బల్లకి వెనక కుడికాలు పొట్టిదైతే ముందు ఎడమకాలు తేలుతుంది. బండీ అంతే. వెనక ఒక కమాను పట్టీ చచ్చుబడితే ఆ వంకర మూలకి మూల దాటి ముందువైపు కనిపిస్తుంది. ఇరుసుని మధ్యలో ఒక్క బిందువు మీద నిలబెడితే వెనక పట్టీల పక్షపాతం ముందుకి రాదు. అప్పుడు కూడా ముందు వంకరగానే ఉందంటే తప్పు ముందుదే.

వంకర పోలేదు. తప్పు ముందుదే.

ఇక్కడే ఊళ్లో కుర్రాడు చేసిన పని గురించి చెప్పుకోవాలి. అతను చేసింది మోసం కాదు, సగం పని. కడ్డీ వెనక చివరని పట్టుకున్న లీవరుని కొంచెం తిప్పి బిగిస్తే బండి ఆ పక్క లేస్తుంది. సర్దుబాటు చేసే చోటు అదే. కానీ ఎడమ పక్క ఒక్కటే లేపితే బల్ల సంగతి మళ్లీ మొదలవుతుంది. ముందు ఎడమ చక్రం మీద, దానికి మూలగా ఉన్న వెనక కుడి చక్రం మీద బరువు పెరుగుతుంది. మిగతా రెండిటి మీదా తగ్గుతుంది. చూడ్డానికి బండి సమానంగానే ఉంటుంది. బ్రేకు తొక్కినప్పుడు మాత్రం బరువు తక్కువున్న ముందు చక్రం ముందుగా జారుతుంది, బండి రెండో పక్కకి లాగుతుంది. కాలవ గట్టు మీద జరిగిందదే. అడ్డమొచ్చింది గేదె కాబట్టి సరిపోయింది. అది తనకి తనే పక్కకి తప్పుకుంది.

చాలామందికి ఇంకో భ్రమ ఉంది. లీవరు బిగిస్తే ‘సస్పెన్షన్ గట్టిపడుతుంది’ అని. నులకమంచం సాగితే బిగిస్తాం, గట్టిపడుతుంది. ఇదీ అలాగే అనుకుంటారు. కాదు. టార్షన్ బార్ గట్టిదనం దాని లావు మీద, పొడవు మీద, ఉక్కు మీద ఉంటుంది. లావు పదో వంతు పెరిగితే గట్టిదనం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. అంతటి తేడా లావుతో వస్తుంది కానీ బిగింపుతో రాదు. లీవరు తిప్పితే మారేది కడ్డీ ఎక్కణ్నుంచి మెలి తిరగడం మొదలుపెడుతుందన్నది మాత్రమే. అంటే ఎత్తు. అందుకే గతుకుల్లో దభీమని తగులుతోందని ఎత్తు పెంచేవాళ్లకి రెండు నెలల్లో మళ్లీ అదే మోత వినిపిస్తుంది. అది షాకబ్జర్ల రోగమో, అరిగిన బుష్‌ల రోగమో అయ్యుంటుంది. మందు వేసింది మాత్రం వేరే చోట.

అవసరానికి మించి ఎత్తినా తంటాయే. చక్రం కిందికి వేలాడ్డానికి చోటుండదు. గుంటలో దిగాల్సిన చక్రం గాల్లో ఉంటుంది. పైగా చక్రాల పైభాగం బయటికి వాలుతుంది, టైరు ఒక అంచునే అరుగుతుంది. మరీ దించితే ప్రతి గతుక్కీ రబ్బరు దిమ్మకి కొట్టుకుంటుంది. ఇక లైట్ల సంగతి. అంబాసిడర్ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య సుమారు రెండున్నర మీటర్లు. ముక్కు నాలుగు సెంటీమీటర్లు దిగితే, పాతిక మీటర్ల దూరంలో లైటు వెలుగు నలభై సెంటీమీటర్లు కిందికి జారుతుంది. రాత్రిపూట వడ్ల ట్రాక్టరు వెనక నడిపేవాడికి ఆ నలభై సెంటీమీటర్ల విలువ తెలుసు. ముక్కు లేపితే అదే వెలుగు ఎదుటివాడి కళ్లలో పడుతుంది.

మేస్త్రీ బండి కిందికి వెళ్లాడు. చేతిలో టార్చిలైటు, పాత స్క్రూడ్రైవరు. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత ‘టక్ టక్’ మని రెండు దెబ్బలు. మూడో దెబ్బకి చప్పుడు మారింది. మట్టికుండ మీద కొట్టినట్టు వచ్చింది.

‘‘మాస్టారూ, వంగి ఒకసారి చూస్తారా?’’

ఎడమ కడ్డీ వెనక చివరని పట్టుకున్న దూలం, అది బండి అడుగురేకుకి కలిసే చోట, బయటికి నల్లగా తారు పూతతో నున్నగానే ఉంది. స్క్రూడ్రైవరు మొన ఆ పూతలోంచి వేలెడు లోపలికి దిగింది. బయటికి లాగితే ఎర్రటి పొడి రాలింది. ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు ఎప్పుడో పగిలింది. వానకి అందులోంచి కారిన నీళ్లు ఎడమ పక్క కార్పెట్ కింద చేరి, ఏళ్ల తరబడి అక్కడే ఊరాయి. పైన కార్పెట్, కింద తారు. మధ్యలో ఉక్కు బిస్కెట్టయిపోయింది.

అంబాసిడర్‌కి లారీలా విడిగా చాసీస్ ఉండదు. ఒళ్లూ ఎముకలూ కలిపి ఒకటే. అడుగురేకు తుప్పు పట్టిందంటే చొక్కా చిరగడం కాదు, వెన్ను అరగడం. కడ్డీ బాగానే ఉంది. దాన్ని పట్టుకున్న చోటు మెల్లమెల్లగా వంగుతోంది. ముక్కు వాలింది అందుకు. ఊళ్లో కుర్రాడు ఇంకా బిగించేసరికి ఆ పుచ్చు చోటు మీద మరింత బరువు పడి ఇంకొంచెం చిరిగింది. నాలుగో సెంటీమీటరు అలా వచ్చింది.

‘‘ఇప్పుడు దీన్ని బిగిస్తే నిలబడదండి. ఏదో ఒకరోజు స్పీడులో ఊడొస్తుంది’’ అన్నాడు మేస్త్రీ.

‘‘పెళ్లి పన్నెండు రోజులుందయ్యా. ఎలాగోలా ఆ ఒక్కరోజుకి నిలబెట్టు. ఊళ్లోనే కదా, గుడి దాకా. తర్వాత ఎన్నాళ్లయినా నీ దగ్గరే ఉంచుకో.’’

‘‘కోసి, కొత్త ప్లేటు వెల్డింగ్ పెట్టాలి. అటూ ఇటూ మంచి రేకు దొరికేదాకా కోయాలి. ఎంత లోపలికి పోతుందో కోస్తేగానీ తెలీదు. మూడు వారాలు.’’

‘‘పైన ఒక పట్టీ వేసి...’’

‘‘వెయ్యనండి.’’

మాస్టారికి కోపం వచ్చింది. డబ్బు ఎక్కువ లాగడానికి వేసిన ఎత్తేమో అన్న అనుమానం కూడా వచ్చింది. ఆ అనుమానం ఎవరికైనా వస్తుంది. షెడ్డుల్లో ‘మొత్తం పోయిందండి’ అన్న మాట విన్నవాళ్లెవరూ దాన్ని వెంటనే నమ్మరు. కానీ ఇక్కడ చూపించిన మనిషి చెప్పడంతో సరిపెట్టలేదు. స్క్రూడ్రైవరు మాస్టారి చేతికే ఇచ్చి ‘‘కుడిపక్క కూడా గుచ్చి చూడండి’’ అన్నాడు. కుడిపక్క ఠంగుమంది. ఎడమ పక్క దిగబడింది. అంతకంటే రుజువు లెక్కల్లో కూడా దొరకదు.

ఆ రాత్రి ఇంట్లో సంగతి చెబితే మాస్టారి భార్య ఎక్కువ మాట్లాడలేదు. ‘‘ఏవండీ, అందులో కూర్చునేది పిల్లండీ’’ అన్నారు. అంతే. పెళ్లికూతురు అద్దెకి తెచ్చిన ఇన్నోవాలో మండపానికి వెళ్లింది. ఫొటోల్లో మాస్టారు నవ్వుతూనే ఉన్నారు కానీ, కారు దగ్గర తీసిన ఫొటోలో మాత్రం లేరు.

బండి మూడు వారాలన్నది అయిదు వారాలు పట్టింది. షెడ్డు లెక్కలు అలాగే ఉంటాయి. అసలు ఎత్తు సర్దే పని మాత్రం ఒక్క పూటే. ఆ పూట మాస్టారు స్టూలేసుకుని కూర్చుని చూశారు.

ముందుగా తీసే పనిలోనే ప్రమాదమంతా ఉంది. మెలితిరిగి ఉన్న కడ్డీలో కారు మూలని మోసే బలం దాగి ఉంటుంది. చక్రం వేలాడదీస్తే చాలావరకు వదులవుతుంది కానీ మొత్తం కాదు. ఆ మిగిలిన బలంతోనే లీవరు బోల్టు ఊడగానే ఎగిరి కొడుతుంది. అందుకని మేస్త్రీ బండిని గట్టి స్టాండుల మీద నిలబెట్టాడు. కింది చేయి కింద జాకీ పెట్టి, బలాన్ని కొద్దికొద్దిగా దించాడు. లీవరు తిరిగే దారిలో తన తలగానీ, పక్కన పనిచేసే పిల్లాడి చేయిగానీ లేకుండా చూసుకున్నాడు. ఇంట్లో పానాల డబ్బా ఉంది కదా, ఆదివారం ఖాళీయే కదా అని ఒక్క జాకీ మీద చేసే పని కాదిది.

కడ్డీ తీసేముందు రెండు చివర్లా సుద్దతో గీతలు పెట్టాడు. ఎడమది ఎడమకే, కుడిది కుడికే. చాలా టార్షన్ బార్లని తయారుచేసేటప్పుడే ఒక వైపుకి మెలిపెట్టి అలవాటు చేస్తారు. అటుదిటు మారిస్తే అలవాటులేని దిక్కుకి మెలి తిరిగి, కొన్నాళ్లకి అలసి విరుగుతాయి. కడ్డీని గుడ్డలో చుట్టి పక్కన పెట్టించాడు. పిల్లాడు దాన్ని గచ్చు మీద పడేయబోతే గట్టిగా కసిరాడు. ఎందుకో మాస్టారికి అర్థం కాలేదు. మెలి తిరిగే ఉక్కుకి బలమంతా చర్మంలోనే. దాని మీద ఒక్క లోతైన గీత పడితే, పగులు అక్కడ్నుంచే మొదలవుతుంది. పూత పోయి తుప్పు పట్టినా అంతే.

కొత్త ప్లేటు చోట కడ్డీని తిరిగి కూర్చోబెట్టడంలో మాస్టారికి నచ్చిన లెక్క ఒకటి దొరికింది. కడ్డీ చివర్లకి గేరులాగా పళ్లుంటాయి. ఆ పళ్లు ఎన్నన్నది బండిని బట్టి ఉంటుంది. మేస్త్రీ ఉదాహరణకి చెప్పాడు. ఒక చివర ఇరవై నాలుగు పళ్లున్నాయనుకోండి. ఒక్క పన్ను జరిపితే పదిహేను డిగ్రీలు. పావు మీటరు పొడవున్న చేయి చివర అది ఆరున్నర సెంటీమీటర్లు! అంత మోటు సర్దుబాటు ఎవరికి కావాలి? అందుకని కొన్ని కార్లలో రెండో చివర ఇరవై అయిదు పళ్లు పెడతారు. ఇటు ఒక పన్ను ముందుకి, అటు ఒక పన్ను వెనక్కి జరిపితే తేడా డిగ్రీలో అరవై శాతమే మిగులుతుంది. అంటే చేయి చివర రెండున్నర మిల్లీమీటర్లు. ఇంకొన్నిటిలో పెద్ద తేడాకి పళ్లు, చిన్న తేడాకి లీవరు.

‘‘ఇది వెర్నియర్ కాలిపర్సే కదయ్యా!’’ అన్నారు మాస్టారు. పదో తరగతి పిల్లలకి ముప్ఫై ఏళ్లు ప్రాక్టికల్స్‌లో చూపించిన సంగతి తన బండి కిందే ఉందని అప్పుడే తెలిసింది ఆయనకి.

రబ్బరు బుష్‌లు కొత్తవి వేశాడు కానీ వాటి బోల్టులు పూర్తిగా బిగించలేదు. బండిని నేలకి దింపి, దొర్లించి, ఊపి, తన ఎత్తులో తను నిలబడ్డాక అప్పుడు బిగించాడు. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే నేలకి దిగగానే రబ్బరు మెలిపడిపోతుంది. ఎత్తు తప్పుగా చూపిస్తుంది, రబ్బరూ త్వరగా చిరుగుతుంది. చాలా షెడ్డుల్లో తొందరలో వదిలేసే పని ఇదొక్కటే. బండి దింపాక మళ్లీ కిందకి దూరాలి కదా, ఆ బద్ధకం.

రెండు పక్కలా కొలిచాడు. జిరాక్సు కాయితంలో అంకె కన్నా కావాలనే కొంచెం ఎక్కువ పెట్టాడు. ‘‘బందరు రోడ్డు మీద ఉయ్యూరు దాకా పోయి రండి’’ అని పంపించాడు. తిరిగొచ్చాక కొలిస్తే రెండు పక్కలా ఆరేసి మిల్లీమీటర్లు దిగింది. కొత్త రబ్బర్లు, కదిపిన పళ్లు సర్దుకోవడానికి ఆ మాత్రం తీసుకుంటాయి. ఎడమకీ కుడికీ మూడు మిల్లీమీటర్ల తేడా మిగిలింది. అది పోగొట్టమన్నారు మాస్టారు. మేస్త్రీ నవ్వి, డ్రైవరు సీట్లో మాస్టారినే కూర్చోమన్నాడు. ఆయన కూర్చోగానే ఆ తేడా దాదాపు కనపడకుండా పోయింది.

ఆ తర్వాతే వీల్ అలైన్‌మెంట్. ఎత్తు మార్చాక చక్రాల వాలూ దిశా మారతాయి కాబట్టి ఇది ముందు చేయించుకుంటే డబ్బు దండగ. చివరికి గోడ ముందు నిలబెట్టి లైట్లు సర్దాడు. బ్రేకు గొట్టాలు స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పినా ఎక్కడా లాగకుండా, రాసుకోకుండా ఉన్నాయో లేదో చూశాడు. ముందు అద్దం రబ్బరు కొత్తది వేయించడం మాత్రం మర్చిపోలేదు. అది వేయకపోతే కొత్త ప్లేటు గతీ పాత రేకు గతే.

బిల్లు పంతొమ్మిది వేలయింది. అందులో ఎత్తు సర్దిన కూలి పన్నెండు వందలు. మిగతాదంతా తుప్పుది. మాస్టారు ఇంకో ఖర్చు కూడా లెక్కేసుకున్నారు. పదిహేనేళ్లు దాటిన కారుకి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉండనే ఉంది. 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుము ఆరొందల నుంచి అయిదు వేలకి పెరిగింది. ‘ఇంత పెట్టి ఈ డబ్బాని ఎందుకు నాన్నా’ అని కొడుకు ఫోన్లో అననే అన్నాడు. మాస్టారు జవాబు చెప్పలేదు. అడుగురేకు బాగాలేని బండిని రోడ్డెక్కించడం ఎంత తప్పో, బాగున్న బండిని తుక్కుకి వేయడమూ అంతే తప్పన్నది ఆయన లెక్క. ఆ రెండిటికీ మధ్య గీత ఎక్కడుందో స్క్రూడ్రైవరు చెబుతుంది కానీ ఫోన్లో కొడుకు చెప్పలేడు.

బానెట్ లోపలివైపు మేస్త్రీ ఎర్ర పెయింటుతో రెండు అంకెలు రాశాడు. ఎడమ ఎత్తు, కుడి ఎత్తు, కింద తేదీ. మాస్టారు అవే అంకెలు డైరీలోకి ఎక్కించారు. నెలకోసారి గచ్చు మీద నిలబెట్టి, డిక్కీ ఖాళీ చేసి, టైర్లలో గాలి చూసి కొలుస్తున్నారు. నాపరాయి ముక్కలు ఇప్పుడు తులసికోట దగ్గరున్నాయి.

ఉగాదికి మనవరాలు, కొత్త అల్లుడు వచ్చారు. గుడికి వెళ్దామని అందరూ బండెక్కారు. ముందు మాస్టారు, అల్లుడు. వెనక అమ్మమ్మ, మనవరాలు, మనవడు. ప్రసాదం బుట్ట కూడా ఎక్కింది. తాళం తిప్పబోయిన మాస్టారు ఆగి, తలుపు తీసుకుని కిందకి దిగారు.

‘‘ఏమైంది తాతయ్యా?’’

‘‘ఏం లేదు. ఎవ్వరూ కదలకండి’’ అంటూ ఆయన చెక్కస్కేలు తీసుకుని ఎడమ చక్రం పక్కన గొంతుక్కూర్చున్నారు. ‘‘అయిదుగురు ఎక్కితే ఎంత దిగుతుందో రాసుకోలేదు ఇంకా. నా బరువు తర్వాత కలుపుతాలే.’’